అమ్మ ఆక్సిజన్ మెషిన్: మూడేళ్లు వాడాక ఒక లైటు గురించి

మూడేళ్లు దాటింది, మా ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడవబట్టి. గది గాలిలోంచి ఆక్సిజన్ తీసి, నిమిషానికి ఐదు లీటర్ల దాకా ఇచ్చే మెషిన్ అది. బరువెంత, శబ్దమెంత అనేవి అట్టపెట్టె మీదే ఉంటాయి. నేను చెప్పాల్సింది మా మెషిన్‌లో లేని ఒక చిన్న లైటు గురించి.

అమ్మ జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు. చిత్తూరు దగ్గర మా ఊళ్లో, బెల్లం గానుగ దగ్గర పాతికేళ్లు పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసింది. ఇంటికొస్తే మళ్లీ కట్టెల పొయ్యి. తిరుపతిలో డాక్టరు గొట్టంలోకి ఊదించి సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) అన్నప్పుడు, అది సిగరెట్లు తాగేవాళ్లకు కదా అని అడిగాను. ఏళ్ల తరబడి పీల్చిన వంట పొగ కూడా ఊపిరితిత్తుల్ని అలాగే పాడుచేస్తుందని అప్పుడు తెలిసింది. ఆయాసపడే అందరికీ ఆక్సిజన్ అక్కర్లేదట. అమ్మకు ఊరికే కూర్చున్నా రక్తంలో ఆక్సిజన్ 86, 87 శాతం దాటకపోవడంతో, రక్తపరీక్ష కూడా చూసి, నిమిషానికి రెండు లీటర్ల మీద రోజుకు కనీసం 15 గంటలు పెట్టమన్నారు.

మొదటి ఏడాది ఈ మెషిన్‌ని కనిపించిన వాళ్లందరికీ పొగిడాను. పొడవాటి ట్యూబు వేయించాక అమ్మ వరండాలో కూర్చుని పూలు కట్టుకునేది. సాయంత్రం దీపం పెట్టే వేళకు మాత్రం మెషిన్ ఆపి, ట్యూబు తీసేసి, దీపం నేను వెలిగిస్తాను. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు. "ప్లగ్గు పెడితే చాలు, ఇంకేం చూసుకోనక్కర్లేదు" అని మా పిన్నికి కూడా చెప్పాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

కిందటి కార్తీకంలో, వానలు పట్టిన రోజుల్లో, అమ్మ నీరసపడింది. ట్యూబు ముక్కుకే ఉన్నా, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్‌లో 86, తర్వాత 84. "గాలొస్తా ఉంది నాయనా, లోపలికే పోవడం లేదు" అనేది. వంగి చూస్తే, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో చూపే గాజు గొట్టంలో గోళీ 2 అంకె దగ్గరే నిలబడి ఉంది. సీసాలో నీళ్లు బుడబుడమంటున్నాయి. మెషిన్‌కి ఏమీ కాలేదు, జబ్బే ముదిరిందనుకున్నాను. రాత్రిళ్లు ఒకటే టెన్షన్. నా అంతట నేనే మూడుకి తిప్పాను. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరు కోప్పడ్డారు. ఈ జబ్బులో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందట. అమ్మకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలన్నారు. మళ్లీ రెండుకి తగ్గించి, సాయంత్రం తీసుకురమ్మన్నారు.

ఆ మధ్యాహ్నమే వానకి కరెంటు పోయింది. మూలనున్న బి టైపు ఆక్సిజన్ సిలిండర్‌కి (చిన్న సైజుది) ట్యూబు తగిలించాను. అవే రెండు లీటర్లు. పది నిమిషాల్లో అమ్మ వేలి మీద 91! గంట తర్వాత కరెంటొచ్చింది. మెషిన్‌కి మార్చాను. మళ్లీ 85. అప్పుడు వెలిగింది నాకు, తేడా అమ్మలో లేదు, పెట్టెలో ఉందని.

డాక్టరుకు చెబితే అమ్మను సిలిండర్ మీదే ఉంచమన్నారు. రెండో రోజు మెకానిక్ వచ్చి చిన్న మీటరు పెట్టి చూశాడు. వచ్చే గాలిలో ఆక్సిజన్ 68 శాతమే. ఉండాల్సింది 90కి పైన. గదిలో గాలిని లాక్కుని, లోపలున్న జియోలైట్ గుళికల్లో నత్రజనిని ఆపి, ఆక్సిజన్‌ని బయటికి వదలడమే ఈ మెషిన్ పని. ఆ గుళికలు తేమ పట్టి దెబ్బతిన్నాయి. దానికి తోడు నేను మెషిన్‌ని బీరువాకీ గోడకీ మధ్య ఇరికించాను, ఫిల్టర్ తీసి చూస్తే దూది పరుపులా ఉంది. గోళీ చెప్పేది ఎంత గాలి వస్తోందనే, అందులో ఆక్సిజన్ ఎంతో దానికి తెలియదు. అది చెప్పే లైటు కొన్ని మోడళ్లకు ఉంటుంది, శాతం తగ్గితే వెలుగుతుంది. 2021లో, ఏది దొరికితే అదే మహాభాగ్యమనుకున్న రోజుల్లో కొన్న మాదానికి లేదు. అమ్మినతను ఆ మాటే ఎత్తలేదు. అమ్మ అన్ని రోజులు చాలీచాలని ఆక్సిజన్‌తో ఎగశ్వాస పడిందే అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గుళికలు మార్పించడానికి కొత్త మెషిన్ ధరలో మూడో వంతు అయింది. ఇప్పుడు వారానికోసారి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాకే పెడుతున్నాను, మూడు నెలలకోసారి మీటరుతో చూపిస్తున్నాను. అమ్మ 90 దగ్గర ఉంటోంది.

మళ్లీ కొనాల్సి వస్తే? కాన్సంట్రేటరే కొంటాను, ఆ లైటు ఉన్నదే. అయితే అమ్మకు రెండు లీటర్లు సరిపోతాయి, సిలిండర్ నింపే షాపు మా పక్క వీధిలోనే ఉంది, నెలకు 160, 170 యూనిట్లు అదనంగా కాలే కరెంటు బిల్లు నా జీతంలో భరించగలను. రెండు లీటర్ల మీద సిలిండర్ పన్నెండు గంటలు వస్తుంది కాబట్టి కరెంటు పోయినా మాకు గడుస్తోంది. నాలుగైదు లీటర్లు కావాల్సిన వాళ్లకు, కరెంటు పూటల తరబడి పోయే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇదే కొనమని మాత్రం నేను చెప్పలేను.