సాగర్‌లో టిఫిన్ బండా, సోమశిలలో నాలుగు రూములా?

మా బామ్మర్దిది హాలియా. బత్తాయి తోట ఎండిపోయాక రోడ్డు పక్కనున్న కొన్ని గుంటలు అమ్మేశాడు. చేతిలో కొంత డబ్బుంది, మళ్లీ సేద్యం మీద పెట్టే ధైర్యం లేదు. "టూరిస్టుల మీద బతుకుదామనుకుంటున్న బావా. సాగర్ల టిఫిన్ బండి పెట్టాల్నా, సోమశిల కాడ నాలుగు రూములు ఏసుకోవాల్నా? నాకైతే సమజైతలేదు" అన్నాడు. సోమశిల మాట ఎందుకొచ్చిందంటే, వాడి భార్య పుట్టింటివాళ్లకు కొల్లాపూర్ వైపు కొంచెం పట్టా భూమి ఉంది. నేనేమీ వ్యాపారిని కాను. కానీ రెండు ఊళ్లూ చాలాసార్లు తిరిగినవాణ్ని. పోయిన నెలలో వాడిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి డ్యామ్ వైపు తక్కువ, రోడ్డు పక్క డబ్బా కొట్ల వైపు ఎక్కువ చూశాను.

ముందు నాగార్జునసాగర్ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో పుట్టిన ఊరు ఇది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అన్న పేర్లే చెబుతాయి, ఇది పని కోసం కట్టిన క్వార్టర్ల ఊరని. పని అయిపోయింది, ఉద్యోగులు ఏటేటా తగ్గుతూ వచ్చారు. 2018లో నందికొండ పేరుతో మున్సిపాలిటీ అయింది. బోర్డు మారింది గానీ, ఒకటో తారీఖున జీతాలు పడితే కిరాణా కొట్లు కళకళలాడే ఆ పాత రోజులు మాత్రం రాలేదు. ఇప్పుడు ఊరు పైనుంచి వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తుంది.

వాళ్లు ఎప్పుడొస్తారు? గేట్లెత్తినప్పుడు. ఉన్నవి 26 గేట్లు, పూర్తి నీటిమట్టం 590 అడుగులు. "సాగర్ గేట్లెత్తిండ్రంట" అని టీవీలో వచ్చిందంటే చాలు, హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్ల దారి పొడవునా కార్లు బారులు తీరుతాయి. ఆ ఆదివారాల్లో టిఫిన్ బండివాడికి ఇడ్లీ పిండి పదకొండుకే అయిపోతుంది. చేపలు వేయించేవాడికి చెమట తుడుచుకునే తీరిక ఉండదు. నా కళ్లతో చూశాను.

కానీ ఆ గేట్లు మన చేతిలో లేవు. 2023లో కృష్ణకు సరైన వరద రాలేదు, గేట్లు లేవలేదు. 2024లో ఆగస్టు మొదటి వారంలో లేచాయి. 2025లో జూలై ఆఖరుకే లేచాయి. ఎగువన ఆలమట్టి, జూరాల, శ్రీశైలం నిండి పొర్లాకే సాగర్ వంతు. అంటే మా బామ్మర్ది బండి గిరాకీ మహారాష్ట్ర కొండల్లో కురిసే వాన మీద ఆధారపడి ఉంటుంది. బత్తాయి తోట కూడా వాన మీదే ఆధారపడింది కదా అంటే వాడు మొహం అదోలా పెట్టాడు.

ఇంకో చిక్కు కుడిగట్టుతో ఉంది. సాగర్ పేరు చెప్పి జనం చూడాలనుకునే వాటిలో సగం నది అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నాయి. నాగార్జునకొండకు లాంచీలు కట్టే పాత రేవు విజయపురి సౌత్‌లో ఉంది. పాత కట్టడాలను తెచ్చి మళ్లీ కట్టిన అనుపు అటే, ఎత్తిపోతల జలపాతం అటే. ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురి నీళ్ల కింద పోతుందని 1954 నుంచి తవ్వి, దొరికినవాటిని కొండ మీద మ్యూజియంలో పెట్టారు. ఆ కొండ ఇప్పుడు దీవి. ఒకే రాష్ట్రం ఉన్న రోజుల్లో ఇది లెక్కలోకి వచ్చేది కాదు, ఎటు తిన్నా సాగర్‌లో తిన్నట్టే. ఇప్పుడు వంతెన దాటిన కారు అటు తిని, ఒక్కోసారి అటు నుంచి అటే మాచర్ల మీదుగా పోతుంది. 2023 నవంబరు ఆఖరున, తెలంగాణ ఎన్నికల రోజున, నీళ్ల గొడవలో రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్ మీద ఎదురెదురు నిలబడ్డారు. అలాంటి వార్త ఒక్కటి వస్తే పిల్లల్ని తీసుకుని రావాలనుకున్న కుటుంబం ఇంకో ఊరు చూసుకుంటుంది.

ఎడమగట్టుకు కొత్తగా దొరికిన బలం బుద్ధవనం. 274 ఎకరాలు, 2022 మేలో తెరిచారు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం, జాతక కథల శిల్పాలు, ధ్యానవనం. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అమ్మాయిల్లో కొందరిని ఇక్కడికే తీసుకొచ్చారు. చోటు నిజంగా బాగుంది. నాకు నచ్చనిది ఒక్కటే, దానికీ ఊరికీ మధ్య ఉన్న దూరం. కారు నేరుగా లోపలికి పోతుంది, ఫొటోలు దిగుతారు, కారు నేరుగా బయటికొచ్చి హైదరాబాద్ రోడ్డెక్కుతుంది. ఆరు దాటాక హిల్ కాలనీలో నిలబడితే చెట్ల మీద పిట్టల గోల తప్ప వినపడదు. వచ్చినవాడు పడుకోకుండా పోతే ఊరికి మిగిలేది చాయ్ డబ్బులు, పార్కింగ్ చీటీ, మనం ఊడ్చుకోవాల్సిన ప్లాస్టిక్ గ్లాసులు.

దీన్నొకసారి లెక్కగా చూద్దాం. అంకెలు నేను ఊరికే అనుకున్నవి, మీరు మార్చుకోవచ్చు. నలుగురున్న కుటుంబం పొద్దున వచ్చి సాయంత్రం పోతే టిఫిన్, చేపలు, బోటు టికెట్ కలిపి పదిహేను వందలు ఖర్చు పెడుతుందనుకోండి. అదే కుటుంబం రాత్రి ఉంటే రూము, రాత్రి భోజనం, మర్నాడు టిఫిన్, ఆటో, పిల్లలకు ఇంకో ఐస్‌క్రీం కలిపి నాలుగైదు వేలవుతుంది. అంటే పడుకునే ఒక్క కుటుంబం, పడుకోని మూడు కుటుంబాలతో సమానం. చెత్త మాత్రం మూడింతలు రాదు, ట్రాఫిక్ జామ్ అసలే ఉండదు. మంత్రులు, అధికారులు ఎప్పుడు మాట్లాడినా ఇన్ని లక్షల మంది వచ్చారనే చెబుతారు. ఎంతమంది పడుకున్నారో చెప్పరు.

ఇక సోమశిల. ఇది సాగర్ అంత ఊరు కూడా కాదు, కొల్లాపూర్ మండలంలో ఒక పల్లె. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు నల్లమల కొండల మధ్యకు పాకి ఆగిన చోటు. నీటి ఒడ్డున లలితా సోమేశ్వరస్వామి గుళ్లు. ముంపులో పోవాల్సినవాటిని విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. గుళ్లకు చోటు దొరికింది గానీ మనుషులకు అంత తేలిగ్గా దొరకలేదు. శ్రీశైలం ముంపు కుటుంబాలవాళ్లు, తమకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో పట్టుకుని ఆ ఉద్యోగాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కథలు కొల్లాపూర్‌లో ఏ హోటల్లో కూర్చున్నా వినపడతాయి. అందుకే టూరిజం వస్తోందంటే ఇక్కడివాళ్లు వెంటనే ఎగిరి గంతేయరు. "మళ్లా ఎవరి భూమి పోతదో" అన్నాడు మాకు చేపలు వేయించి పెట్టినాయన. అది నాకు న్యాయంగానే అనిపించింది.

ప్రభుత్వం డబ్బు మాత్రం ఇటు వస్తోంది. 2015-16లో కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద పాలమూరు ఎకో టూరిజానికి 91.62 కోట్లు మంజూరయ్యాయి. అందులో సోమశిల, సింగోటం, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం ఉన్నాయి. 2024లో కేంద్రం సోమశిల వెల్‌నెస్ కేంద్రానికంటూ ఇంకో 68.10 కోట్లు ఇస్తామంది. నీటి పక్కనే టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి. నీళ్లు బాగుంటే శ్రీశైలానికి లాంచీ పోతుంది, దాదాపు పూట ప్రయాణం. సాగర్ నుంచి కూడా శ్రీశైలం లాంచీ ఉంది. ఆ విషయంలో ఇద్దరూ సమానమే.

మరి తేడా ఎక్కడ? నా లెక్కలో మొదటి తేడా దూరం. హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల రావడానికి సాగర్ కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇది లోపం అనుకుంటారు. నాకు ఇదే లాభంగా కనపడింది. అంత దూరం వచ్చినవాడు వెంటనే వెనక్కి తిరగడు. రాత్రికి ఉండిపోతాడు.

రెండోది, నీళ్లు పోయినా ఇక్కడ చూడ్డానికి ఉంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలానికి మట్టం పడిపోయి, ఒడ్డు బురదగా మారి, పడవ ఎక్కాలంటే చాలా దూరం నడవాల్సి వస్తుంది. అది నిజమే. కానీ అదే సమయంలో అవతలి ఒడ్డున ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో ఉండే సంగమేశ్వరాలయం బయటపడుతుంది. నిండితే నీళ్ల కోసం, ఎండితే గుడి కోసం జనం వస్తారు. సాగర్‌లో నీళ్లు తగ్గితే కనిపించేది రాళ్లే. దానికి తోడు వేసవిలో కొల్లాపూర్ బేనిషాన్ మామిడి. రూము తీసుకున్నవాడికి వెళ్లేటప్పుడు ఒక పెట్టె అంటగట్టకపోతే మా బామ్మర్ది వ్యాపారానికి పనికిరాడు.

మూడోది భూమి. సాగర్‌లో మంచి చోట్లన్నీ ప్రాజెక్టువి, లేదా అడవివి. బయటివాడికి దొరికేది రోడ్డు పక్క డబ్బా, అదీ ఎవరో ఒకరు ఖాళీ చేయించేదాకా. రేపు మంత్రిగారి పర్యటన అంటే ఇవాళే డబ్బాలు లేపేస్తారు. పదేళ్లుగా అదే చోట బండి పెట్టుకున్నామె మాతో మాట్లాడింది. చేతిలో ఒక్క కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి ముద్రా లోన్ అడిగే ధైర్యం లేదు, లోన్ లేదు కాబట్టి బండి బండిగానే ఉంది. సోమశిల వైపు పట్టా భూమి ఉంది. కాకపోతే సర్వే నంబరు పట్టుకుని 885 అడుగుల గీతకు పైన ఉందో కింద ఉందో చూసుకోవాలి. ఒడ్డుకు ఎంత దగ్గరుంటే అంత ధర చెబుతున్నారు. అంత అనుమానం కూడా పెట్టుకోవాలి.

ఇప్పుడు సోమశిలకు ఉన్న పెద్ద భయం చెబుతాను. విచిత్రంగా, ఊళ్లో అందరూ దాన్ని వరం అనుకుంటున్నారు. అదే సోమశిల–సిద్ధేశ్వరం వంతెన. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి మీద, కృష్ణపై తీగల వంతెన. 2022లో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో ఆమోదించింది. గాజు నడకదారి కూడా ఉంటుందన్నారు. పుట్టి మీద, పడవ మీద నది దాటినవాళ్లకు ఆ వంతెన ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు, ఆ ఊళ్లు ఇంకా మర్చిపోలేదు. వంతెన రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ వ్యాపారం లెక్కలో చూస్తే వంతెన వచ్చాక సోమశిల తిరుపతి దారిలో ఒక మలుపవుతుంది. కారు ఆపుతారు, గాజు మీద నిలబడి ఫొటో దిగుతారు, చాయ్ తాగుతారు, పోతారు. ఇవాళ సాగర్‌కున్న జబ్బే రేపు సోమశిలకు అంటుకుంటుంది. రోడ్డు మొహానికి హోటల్ కట్టేవాడు బాగుపడతాడు. ఊళ్లో రూములు వేసినవాడు, ఆ కారును ఒక రాత్రి ఎలా ఆపాలో ఇప్పటినుంచే ఆలోచించుకోవాలి.

మధ్యలో మా అన్నయ్య ఫోన్లో మూడో సలహా ఇచ్చాడు. మహబూబ్‌నగర్ పెద్దచెరువు మినీ ట్యాంక్‌బండ్ దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టమని. నవ్వుకున్నాం గానీ తీసేయాల్సిన మాట కాదు. అక్కడ గిరాకీ ఊరివాళ్లదే. పిల్లలమర్రి చూడ్డానికి వచ్చేవాళ్లు అదనం. గేట్లు ఎత్తినా ఎత్తకపోయినా సాయంత్రం అయిందంటే జనం నడకకు వస్తారు. పెద్ద లాభం ఉండదు, పెద్ద నష్టమూ ఉండదు. అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నవాడికైతే అదే చాలు. హాలియా నుంచి పోయి అక్కడ అద్దె ఇల్లు తీసుకునేవాడికి కాదు.

ఇంతకీ నేనేం చెప్పానంటే, చేతిలో లక్ష, లక్షన్నరే ఉంటే సాగర్. బండి, గ్యాస్, రెండు పెనాలు, ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా శని ఆదివారాలు. హాలియా పక్కనే కాబట్టి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. గేట్లు లేవని ఏడాది నష్టం చిన్నది. అంతకంటే ఎక్కువ పెట్టగలిగి, భూమి సొంతమై, రెండు మూడేళ్లు ఆగగలిగితే సోమశిల. అదీ నాలుగు రూములు కాదు, ముందు రెండు. బాత్‌రూమ్ శుభ్రంగా, దోమల జాలీతో, పొద్దున చెల్లె చేతి జొన్నరొట్టె, చేపల పులుసు. కాటేజీలో ఏసీ దొరుకుతుంది, ఈ వంట దొరకదు.

ప్రభుత్వం నన్ను అడగదు గానీ, అడిగితే సాగర్‌ను వదిలేయమనను. హిల్ కాలనీలో ఆ పాత క్వార్టర్లు చూడండి. రాతి గోడలు, పెద్ద చెట్లు, వెడల్పు రోడ్లు. అలాంటి కాలనీ ఇవాళ కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో! ఖాళీగా శిథిలమైపోతున్నవాటిలో కొన్ని అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలకు లీజుకిచ్చి గెస్ట్ రూములు చేయించుకోమనొచ్చు. ఇంకో రిసార్టు కట్టడం కంటే అది చవక, సొమ్ము కూడా ఊళ్లోనే తిరుగుతుంది. బుద్ధవనంలో తెల్లవారుజామున ధ్యానం, ఆ వెంటనే పొద్దు పొడిచేటప్పుడు లాంచీ పెడితే, వాటికోసం ముందు రోజు రాత్రే రావాలి. బండి పెట్టుకున్నామెకు ఒక్క కాగితం ఇస్తే ఆ బండి రెండేళ్లలో హోటల్ అవుతుంది.

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దగ్గర చాయ్ తాగుతుంటే బామ్మర్ది హఠాత్తుగా అడిగాడు. "బావా, 2028ల కృష్ణ పుష్కరాలున్నయి గదా. 2016ల ఎంత జనమొచ్చిన్రో సూసినవ్ గదా. అప్పటికి పది రూములైతే?"

"పుష్కరాలు పన్నెండు రోజులేరా. దానికి టెంట్లు కిరాయికి తెచ్చుకో. రూములు ముందు రెండే" అన్నాను.

వాడు ఒప్పుకున్నట్టే తలూపాడు గానీ, ఫోన్ తీసి సిమెంటు ఇటుకల ధర అడగడం మొదలుపెట్టాడు. వచ్చే సోమవారం సర్వేయర్‌ను పిలిచాం, 885 గీత మా చేను కంటే ఎంత కింద ఉందో చూడాలి.