చెన్నై నుంచి వైజాగ్: ఏ వైపు కిటికీ తీసుకోవాలి?

చెన్నైలో ఉంటూ పండక్కీ పబ్బానికీ వైజాగ్ వెళ్లొచ్చే మనవాళ్లలో చాలామంది విండో సీటుకు వేరేగా డబ్బు కట్టడం దండగంటారు. గంటన్నర కూడా పట్టని ప్రయాణానికి ఎక్కడ కూర్చుంటే ఏంటని వాళ్ల వాదన. ఈ రూట్లో మాత్రం నేను ఒప్పుకోను. సరైన వైపు కూర్చుంటే కోస్తా అంతా కిందే ఉంటుంది. రెండోవైపు ఉత్త బంగాళాఖాతం.

విమానం ఈశాన్యంగా వెళ్తుంది, నేరుగా పోతే చాలా దూరం సముద్రం మీదే. తీరం ఎడమవైపు పడుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి. మొదట్లో పులికాట్ సరస్సు, దానికీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట. కృష్ణా డెల్టా దూరం, మసకగానే ఉంటుంది. గోదావరి దగ్గరికొచ్చాక మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి. వరదల రోజుల్లో ఆ ఎర్రనీళ్లు సముద్రంలోకి దిగినా వెంటనే కలిసిపోవు. నీలానికీ ఎరుపుకీ మధ్య గీత స్పష్టంగా తెలుస్తుంది. ఆ పైన కాకినాడ తీరానికి ఎదురుగా హోప్ ఐలాండ్, కొంకికర్రలా వంగి.

పొద్దుటి ఫ్లైట్‌లో ఎండ కుడివైపు ఉంటుంది, ఎడమవాళ్లకు ఫోటోలు బాగా వస్తాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కుడి కిటికీలోంచి ఎండ మొహాన కొడుతుంది. అయినా షట్టర్ దించబుద్ధి కాదు. నాట్ల సమయంలో నీళ్లు పెట్టిన మళ్లు ఒక్కొక్కటే తళుక్కుమని ఆరిపోతుంటాయి.

వైపు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసల్లో కాళ్లకు చోటు, కళ్లకు రెక్క. రెక్క వెనకైతే ఇంజిన్ వేడిగాలికి కింద నేలంతా అలికినట్టు కనిపిస్తుంది. మొదటి ఏడెనిమిది వరుసలే మేలు. బోయింగ్ 737లలో రెక్కకు కాస్త ముందు కొన్ని సీట్ల పక్కన కిటికీయే ఉండదు, ఏసీ గొట్టం అక్కడ గోడలోంచి పోతుంది. ఒకసారి విండో సీటని డబ్బు తీసుకుని నాకు అదే అంటగట్టారు. అడిగితే, ‘గోడ పక్క సీటేగా సార్’ అన్నారు.

రాజమండ్రికి ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానం) దొరికితే వదలొద్దు. చప్పుడు ఎక్కువే, కానీ రెక్క పైన ఉంటుంది, కిందికి అడ్డేం లేదు. జెట్ కంటే తక్కువ ఎత్తులో ఎగురుతుంది కూడా. దిగబోయే ముందు కుడివైపు కోనసీమ, ఎడమవైపు ఎగువ గోదావరి. అటో ఇటో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

చెన్నైలో దిగడం గాలిని బట్టి ఉంటుంది. పడమటి గాలి వీచే నెలల్లో ఎక్కువగా సముద్రం వైపు నుంచే వస్తారు. అప్పుడు కుడివైపు మెరీనా, హార్బర్, ఎడమవైపు అడయారు నది సముద్రంలో కలిసే చోటు.

అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌కైతే (ఇప్పుడు శ్రీ విజయపురం) సీటు కోసం పైసా కట్టను. రెండు గంటలూ ఎటు చూసినా నీళ్లే, చివర్లో దీవులు రెండువైపులా ఉంటాయి. ఆ డబ్బుతో ఎయిర్‌పోర్టులో ఫిల్టర్ కాఫీ తాగడం నయం. ఆ రేట్లకు సరిపోతుందో లేదో మరి.