"అయిపోయింది సార్" అన్న మాట నమ్మి 25 లక్షల డాక్యుమెంట్లు పోగొట్టుకున్నా, సెర్చ్ సర్వర్ మెయింటెనెన్స్‌కు ఇచ్చిన వాళ్లు జాగ్రత్త

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు ఎలాస్టిక్‌సెర్చ్ (డేటాలో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) సర్వర్ల మెయింటెనెన్స్‌ను ఏడాది ప్యాకేజీకి ఇచ్చినవాళ్లు, ఇవ్వబోతున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. శనివారం పొద్దుటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. రాసేది అటూ ఇటూ పోతే మన్నించండి. ఆ సంస్థ పేరు రాయను. మన దగ్గర ఈ పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, ఎవరి గురించి చెప్తున్నానో సగం మందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

మాది ట్రాక్టర్, రోటవేటర్, మోటర్ స్పేర్ పార్ట్‌ల సెర్చ్. నర్సంపేట, పరకాల, జమ్మికుంట, మహబూబాబాద్, పెద్దపల్లి డీలర్లు మూడు వందలకు పైగా వాడుతున్నారు. ఒక్కో స్టాక్ లైన్ ఒక్కో డాక్యుమెంట్, అందరివీ కలిపితే 42 లక్షల డాక్యుమెంట్లు. మూడు నోడ్ల క్లస్టర్, అంటే మూడు సర్వర్లు కలిసి ఒకటిగా పనిచేస్తాయి. ఏడాదికి 1 లక్షా 20 వేలు ముందే కట్టాను. రోజూ స్నాప్‌షాట్ (బ్యాకప్ కాపీ), ఏ పనైనా వాళ్లే చూసుకోవడం, అన్నీ అందులోనే అన్నారు.

పని ఏమిటంటే, తెలుగు సెర్చ్‌లో ఒక ఇబ్బంది ఉంది. "ఫ్యాన్‌బెల్ట్" అని టైప్ చేస్తే కొన్ని ఫోన్లు మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాయి, కొన్ని పెట్టవు. కంటికి రెండూ ఒకటే, సెర్చ్‌కు మాత్రం రెండూ వేర్వేరు పదాలు. ఒక డీలర్‌కు దొరికిన పార్ట్ ఇంకో డీలర్‌కు దొరకదు. దానికి ఐసీయూ నార్మలైజర్ పెట్టాలి, అది ఆ కనపడని అక్షరాన్ని తీసేసి రెండింటినీ ఒకే పదం చేస్తుంది. ఉన్న ఫీల్డుకు అనలైజర్ (పదాలను సెర్చ్‌కు సిద్ధం చేసే అమరిక) మార్చాలంటే కొత్త ఇండెక్స్ (డాక్యుమెంట్లన్నీ ఉండే చోటు) తయారు చేసి, పాతదాంట్లో ఉన్నదంతా అందులోకి రీఇండెక్స్ చేయాలి, అంటే మళ్లీ ఎక్కించాలి. వేరే దారి లేదు. మృగశిర రాకముందే చేయించుకుందామని నేనే తొందరపెట్టాను. కార్తె మొదలైతే ట్రాక్టర్లన్నీ దుక్కిలో ఉంటాయి, ఫోన్లు ఆగవు.

శుక్రవారం రాత్రి పదిన్నరకు మొదలుపెట్టారు. సర్వర్ మీద బరువు పడకుండా సెకనుకు 150 డాక్యుమెంట్ల లెక్కన నెమ్మదిగా నడిపిస్తామని, తెల్లారేసరికి అయిపోతదని చెప్పారు. అది సరైన పద్ధతే, దాన్ని తప్పు పట్టను.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే ఒక విషయం చెప్పాలి. ఇంత పెద్ద రీఇండెక్స్‌ను ఎవరూ కనెక్షన్ పట్టుకుని కూర్చుని చేయరు. వెయిట్ ఫర్ కంప్లీషన్ (పూర్తయ్యేదాకా ఆగు) అన్న సెట్టింగ్‌ను ఫాల్స్ పెట్టి వదిలేస్తారు, పని వెనక నడుస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ వెంటనే ఒక టాస్క్ ఐడీ ఇస్తుంది. నోడ్ ఐడీ, కోలన్, ఒక నంబరు, అంతే. ఎంత అయింది, ఎంత మిగిలింది, ఎన్ని ఫెయిలయ్యాయి, ఏదైనా ఆ ఐడీతోనే తెలుస్తుంది. పని పూర్తయ్యాక దాని ఫలితం టాస్క్స్ అనే సిస్టమ్ ఇండెక్స్‌లో రాసి పెడుతుంది. పూర్తయితేనే రాస్తుంది. ఆ టాస్క్ నడుస్తున్న నోడ్ మధ్యలో ఆగిపోతే టాస్క్ కూడా దానితోపాటే పోతుంది. మళ్లీ దానంతట అది లేవదు, ఆగిన చోటి నుంచి అందుకోదు. అప్పటిదాకా రాసినవి కొత్త ఇండెక్స్‌లో అలాగే ఉండిపోతాయి. ఎనుమాముల మార్కెట్‌లో కాంటా అయ్యాక తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తీసుకోకుండా యార్డు దాటే మిర్చి రైతు ఉండడు. ఆ ఐడీ కూడా అలాంటి చీటీయే. వీళ్లు ఆ ఐడీని ఎక్కడా రాసిపెట్టుకోలేదు. నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పు, ఈ రెండు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు.

రాత్రి 1:40కి వాళ్లలోనే ఇంకొకతను హీప్ (మెమరీ) సెట్టింగ్ మార్చడానికి నోడ్లను రీస్టార్ట్ చేశాడు. మా రీఇండెక్స్ నడుస్తోందని అతనికి తెలియదు. రీస్టార్ట్ చేసే ముందు టాస్క్స్ లిస్టు ఒక్కసారి చూసినా కనపడేది. చూడలేదు.

పొద్దున 8:15కు వాట్సాప్‌లో మెసేజ్: "అయిపోయింది సార్." దానికింద స్క్రీన్‌షాట్. క్లస్టర్ గ్రీన్, నడుస్తున్న రీఇండెక్స్ టాస్కులు ఏమీ లేవు, కొత్త ఇండెక్స్‌లో డాక్యుమెంట్లు 17,08,000. ఆ అంకె నా కళ్ల ముందే ఉంది. పాత ఇండెక్స్‌లో 42 లక్షలని నాకు తెలుసు. గ్రీన్ చూసి, సరేనని థమ్సప్ గుర్తు పెట్టి, టిఫిన్‌కు కూర్చున్నాను. 8:40కి వాళ్లు అలియాస్‌ను (యాప్ ఏ పేరుతో వెతుకుతుందో ఆ పేరును) కొత్త ఇండెక్స్ మీదకు మార్చి, డిస్క్ నిండుతోందని పాత ఇండెక్స్‌ను డిలీట్ చేశారు.

టాస్క్ లిస్టులో లేదంటే పని పూర్తయిందని అర్థం కాదు. పూర్తయినా లిస్టులో ఉండదు, చచ్చిపోయినా లిస్టులో ఉండదు. గ్రీన్ అంటే కూడా డేటా మొత్తం ఉందని కాదు, ఇండెక్స్‌కు ఉండాల్సిన షార్డులన్నీ (ఇండెక్స్‌ను విడగొట్టిన ముక్కలు) తమ చోట ఉన్నాయని మాత్రమే. పైగా స్పీడు కోసం కొత్త ఇండెక్స్‌కు రెప్లికాలు (ఆ ముక్కల అదనపు కాపీలు) సున్నా పెట్టి నడిపించారు. రెప్లికాలే లేనప్పుడు ప్రైమరీలు (అసలు ముక్కలు) లేస్తే చాలు, గ్రీన్ వస్తుంది.

పదింటికి జమ్మికుంట నుంచి ఫోన్. మా పాత డీలర్, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన. "తమ్మీ, సెల్ఫు అని కొడితే ఒక్కటి వస్తలేదేంది? నిన్నటిదాక మంచిగనే వచ్చింది గద" అన్నాడు. నేను వెంటనే వాళ్లకు ఫోన్ చేశాను. కౌంట్ ఎందుకు తగ్గిందని అడిగాను. అవతలివాడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "సార్, మీ డేటాల డూప్లికేట్లు బాగున్నయి. కొత్త ఇండెక్స్‌ల అవన్నీ పోయినయి. ఇప్పుడే క్లీన్‌గ ఉన్నది" అన్నాడు.

నన్ను ఇప్పటికీ తినేస్తున్నది ఈ మాటే. అతనికి కారణం తెలియకపోతే తెలియదు అనొచ్చు, చూసి చెప్తా అనొచ్చు. రీఇండెక్స్ డాక్యుమెంట్ ఐడీలను అలాగే మోసుకొస్తుంది, దానంతట అది డూప్లికేట్లు ఏరి పారేయదు. ఈ పనికి డబ్బులు తీసుకునేవాడికి అది తెలియకుండా ఉండదు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, జమ్మికుంట ఆయనకు ఫోన్ చేసి అదే మాట చెప్పాను. "డూప్లికేట్లు తీసేశామే, మీరు పార్ట్ నంబరుతో కొట్టండి" అన్నాను. ఆయన "సరే తమ్మీ, నువ్వు చెప్తే సరే" అని పెట్టేశాడు. పదేళ్ల పరిచయం. ఆయనకు నా నోటితో అబద్ధం చెప్పించారు.

అసలు సంగతి బయటపెట్టింది మా మేనల్లుడు, హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే మొదటి మాటే "మామా, టాస్క్ ఐడీ ఏది?" లేదన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. లాగిన్ ఇచ్చాను. లాగ్‌లో 1:40 రీస్టార్ట్ కనపడింది. తర్వాత వాడు లెక్క చెప్పాడు. పదిన్నర నుంచి 1:40 వరకు మూడు గంటల పది నిమిషాలు, అంటే 11,400 సెకన్లు. సెకనుకు 150 చొప్పున 17 లక్షల 10 వేలు. మన దగ్గర ఉన్నవి 17 లక్షల 8 వేలు. "ఆ చివరి మూడు సున్నాలు చూడు మామా, రీఇండెక్స్ మామూలుగా వెయ్యి వెయ్యి బ్యాచులుగా రాస్తది. బ్యాచ్ అయిపోయిన కాడ సచ్చిపోయింది" అన్నాడు. మామూలుగా 42 లక్షలు ఆ స్పీడులో అవ్వాలంటే ఏడు గంటల నలభై అయిదు నిమిషాలకు పైనే పడుతుంది. పొద్దున ఆరు దాటాలి.

వెంటనే స్నాప్‌షాట్ అడిగాం. రోజూ రాత్రి స్నాప్‌షాట్ పాలసీ నడుస్తోంది, రోజూ సక్సెస్ అని చూపిస్తోంది. లోపల మా ఇండెక్స్ లేదు. పాలసీలో పెట్టిన ఇండెక్స్ పేరు మొదట్లో టెస్టింగ్‌కు పెట్టినది. ఏడాదిగా ప్రతి రాత్రీ ఖాళీ టెస్ట్ ఇండెక్స్‌ను కాపీ చేస్తూ వచ్చింది. స్నాప్‌షాట్ లేకుండా డిలీట్ చేసిన ఇండెక్స్ తిరిగి రాదు.

పార్ట్ నంబర్లు, స్టాక్, రేట్లు మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఆదివారం సాయంత్రానికి వాటిని మళ్లీ ఎక్కించాం. పోయింది వాడుక పేర్లు. స్టార్టర్ మోటర్‌ను ఇక్కడ ఏ మెకానిక్ స్టార్టర్ మోటర్ అనడు, సెల్ఫు అంటాడు. ఆల్టర్నేటర్‌ను డైనమో అంటాడు. ఒక్కో పార్ట్‌కు ఒక్కో ఊళ్లో ఒక్కో వాడుక పేరు. రెండేళ్లుగా పరకాల, ములుగు, భూపాలపల్లి షెడ్లలో నేను, మా ఆవిడ కూర్చుని, మెకానిక్‌లను అడిగి అడిగి 11,300 పేర్లు చేర్చాం. మొదటి కొన్ని నెలలవి నోట్‌బుక్కులో ఉన్నాయి. తర్వాత ఫోన్ నుంచి నేరుగా సెర్చ్ ఇండెక్స్‌లోకే ఎక్కించడం అలవాటైంది. మైఎస్‌క్యూఎల్‌లో దానికి కాలమ్ పెట్టాలని అనుకుంటూనే వాయిదా వేశాను. సెర్చ్ ఇండెక్స్‌ను అసలు కాపీలాగా వాడకూడదని తెలిసి కూడా వాడాను. ఆ నేరం నాదే, ఎవరి మీదా పెట్టను. ఇప్పుడు మిగిలినవి 4,600.

శనివారం సాయంత్రం వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. గొడవకు పోలేదు, లాగ్ ప్రింట్ తీసుకుని వెళ్లాను. కూర్చోమనలేదు. ప్రింట్ చేతికిస్తే అక్కడున్నతను చూడకుండానే టేబుల్ మీద పడేశాడు. "సార్, మీరు సామాన్లు అమ్ముకునేటోళ్లు. ఇవన్నీ మీకు అర్థం గావు. మీ దగ్గర సోర్స్ ఉంటది గద, మళ్ల ఎక్కించుకోండ్రి" అన్నాడు. రీస్టార్ట్ ఎవరు చేశారని అడిగాను. "అది మా ఇంటర్నల్" అన్నాడు. రోజూ స్నాప్‌షాట్ అని రాసిచ్చారు కదా అంటే, "స్నాప్‌షాట్ రోజూ అవుతున్నది గద సార్" అని స్క్రీన్ నా వైపు తిప్పి సక్సెస్ అన్న పదం మీద వేలు పెట్టి చూపించాడు. అప్పుడు నాకు మాట రాలేదు. పక్కన ఇద్దరు పిల్లలు పనిచేస్తున్నారు, వాళ్లలో ఒకతను తల దించుకున్నాడు. రీస్టార్ట్ చేసింది అతనే అయి ఉంటాడనిపించింది. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. నడుస్తున్న పని గురించి అతనికి ఎవరూ చెప్పలేదు.

డబ్బు వాపసు అడిగితే అగ్రిమెంట్‌లో డేటా బాధ్యత కస్టమర్‌దే అని ఉందట. చూశాను, నిజమే ఉంది, నాలుగో పేజీలో. సంతకం పెట్టే రోజు చదవలేదు.

మీలో ఎవరికైనా ఇలాంటి పని ఉంటే, టాస్క్ మొదలైన నిమిషంలోనే ఐడీ మీ వాట్సాప్‌కు పంపమనండి. పొద్దున "అయిపోయింది" అంటే ఆ ఐడీ ఫలితం మొత్తం అడగండి. అందులో కంప్లీటెడ్ ట్రూ ఉండాలి, టోటల్‌కు క్రియేటెడ్, అప్‌డేటెడ్ కలిపి సరిపోవాలి, ఫెయిల్యూర్స్ ఖాళీగా ఉండాలి, వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్స్ సున్నా ఉండాలి. పాత, కొత్త ఇండెక్స్‌ల కౌంట్ పక్కపక్కన పెట్టి చూడండి. అలియాస్ మార్చినా పాత ఇండెక్స్ కనీసం వారం ఉంచమనండి, డిస్క్ చాలకపోతే మీ ఖర్చుతో డిస్క్ పెంచుకోండి, నాకు పోయినదానితో పోలిస్తే అది ఏమీ కాదు. స్నాప్‌షాట్‌లో మీ ఇండెక్స్ పేరు ఉందో లేదో ఈ రాత్రే చూడండి, వేరే పేరుతో ఒకసారి రిస్టోర్ చేసి చూడండి. ఇదే ప్యాకేజీ తీసుకున్న మిగతావాళ్లు ముందు ఈ చివరి పని చేయండి. మీ పాలసీలో కూడా టెస్టింగ్ పేరే ఉండే అవకాశం ఉంది.

మా యాప్ వాడే డీలర్లకు, మెకానిక్‌లకు ఒక మనవి. పాత సెర్చ్ రిజల్టుల స్క్రీన్‌షాట్లు, వాడుక పేర్లతో రాసుకున్న ఇండెంట్ చీటీలు ఏవైనా ఉంటే పారేయకండి, ఫొటో తీసి పంపండి. మంగళవారం పరకాల వస్తున్నాను, బుధవారం ములుగు. ఈసారి నోట్‌బుక్కుతో వస్తాను. జమ్మికుంట ఆయనకు నిన్న రాత్రే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. డూప్లికేట్లు కావు, మా దగ్గరే పోయాయని ఒప్పుకున్నాను.