పవర్ బీఐ: ఎనిమిది రిఫ్రెష్‌లు, ఒక తుపాను

భీమవరంలో ఒక రొయ్యల మేత డీలర్‌షిప్‌లో లెక్కలు చూస్తాను. మూడేళ్లకు పైగా మా బాకీల పేజీ పవర్ బీఐలోనే (లెక్కల్ని కంప్యూటర్లో, ఫోన్లో పేజీల్లా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. గ్రాఫుల గురించి, రంగుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది షెడ్యూల్డ్ రిఫ్రెష్ గురించే, అంటే మనం పెట్టిన టైములకు పేజీలో అంకెలు వాటంతటవే కొత్తవి కావడం. నాకు దాని మీద ఎంత ఇష్టమో అంత భయం.

ముందు ఇష్టం సంగతి. ఇదివరకు పొద్దున్నే టాలీలోంచి (మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బాకీల లిస్టు ఎక్సెల్‌లోకి తీసి, బ్రాంచి వారీగా విడదీసి, వసూళ్లకు తిరిగే కుర్రాళ్లకు వాట్సాప్‌లో పెట్టేవాళ్లం. మధ్యాహ్నానికి అది పాతబడేది. "ఇది పొద్దుటిదా, ఇప్పటిదా అండి?" అని ఆకివీడు నుంచి ఒకరు, ఉండి ఊరి నుంచి ఒకరు ఫోన్ చేసేవాళ్లు. పవర్ బీఐ వచ్చాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. ప్రో లైసెన్సులో రోజుకు 8 సార్లు రిఫ్రెష్ పెట్టుకోవచ్చు. ఆఫీసు వేళల్లోనే ఎనిమిదీ సర్దుకున్నాం. రైతు వచ్చి డబ్బు కట్టి, ఇంటికెళ్లి భోంచేసేలోపు కుర్రాడి ఫోన్లో బాకీ తగ్గిపోయేది. మేత అప్పు మీద నడిచే వ్యాపారంలో అది చిన్న విషయం కాదు.

కాకపోతే దీని వెనక ఉన్న దారి సన్నది. టాలీ ఉన్న ఆఫీసు కంప్యూటర్లోనే గేట్‌వే (అందులోని డేటాను నెట్ ద్వారా పవర్ బీఐకి అందించే ప్రోగ్రాం) పెట్టాం. ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, స్లీప్‌లోకి వెళ్లకూడదు, నెట్ ఉండాలి, టాలీ తెరిచి ఉండాలి, అందులో మా కంపెనీ లోడ్ అయి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పూట రిఫ్రెష్ ఫెయిలే.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. దానికి ముందే చాలామంది రైతులు చెరువుల్లో ఉన్న సరుకును హడావిడిగా పట్టేశారు. పట్టుబడి అయ్యాక చేతికొచ్చిన డబ్బుతో మేత బాకీలు కట్టేసినవాళ్లూ ఉన్నారు. తుపానుకు కరెంటు పోయింది, కంప్యూటర్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక అన్నీ ఆన్ చేశారు, టాలీ తెరిచారు, రశీదులన్నీ ఎక్కించారు. బాకీల పేజీ కూడా తనంతట తానే అందుకుంటుందని అందరం అనుకున్నాం.

అందుకోలేదు. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే పవర్ బీఐ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ ఆన్ చేయాలి. ఆ సంగతి చెప్పే మెయిల్ డేటాసెట్ (పేజీ వెనక ఉన్న డేటా) ఓనర్‌కు వెళ్తుంది. మా దగ్గర ఓనర్‌గా ఉన్నది ఇదంతా పెట్టిన కుర్రాడి ఆఫీసు మెయిల్. అతను అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు, ఆ మెయిల్ తెరిచేవాళ్లు లేరు. పేజీ మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుంటోంది, అంకెలు చక్కగా కనిపిస్తున్నాయి.

కాళ్ల మండలంలో ఒక చెరువు గట్టు మీద మా కుర్రాడు ఆ పేజీ చూసి, ఆ చెరువు రైతుతో "బాబాయ్ గారూ, పాత బాకీ అలాగే ఉందండి" అన్నాడు. పక్క చెరువుల రైతులు అక్కడే ఉన్నారు. ఆ పెద్దాయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో నాలుగు మడతలు పెట్టిన రశీదు విప్పి చూపించారు. "మీ ఫోన్లో ఏముందో నాకనవసరం అబ్బాయ్. నలుగురిలో అడిగేటప్పుడు చూసుకుని అడగాలి" అన్నారు. కుర్రాడికి తల కొట్టేసినట్టయింది. మా యజమాని స్వయంగా ఆయన ఇంటికెళ్లి మాట్లాడి వచ్చారు. ఆయన మా దగ్గరే మేత కొంటున్నారు గానీ, అంతకుముందున్న చనువు లేదు. ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే.

రిఫ్రెష్ హిస్టరీ తెరిస్తే అంతా అక్కడే ఉంది. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. నాలుగు ఫెయిళ్ల తర్వాత ఆపేయడం కూడా నా దృష్టిలో సబబే. సమాచారం చేరాల్సిన మనిషికి చేరకపోవడమే అసలు దెబ్బ. ఫెయిలైతే ఇంకొందరికి కూడా మెయిల్ వెళ్లేలా సెట్టింగుల్లో పేర్లు చేర్చుకోవచ్చు. ఇప్పుడు అక్కడ నా పేరు, యజమాని గారి పేరు ఉన్నాయి. ఓనర్‌షిప్ కూడా నా అకౌంటుకు మార్చుకున్నాను.

తర్వాత పేజీ పైన రిఫ్రెష్ అయిన టైము పెట్టించాం. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. తొమ్మిది గంటల రిఫ్రెష్‌కు "3:30" అని చూపించేది. మన కంప్యూటర్లో తయారుచేస్తున్నప్పుడు సరిగ్గానే ఉంటుంది. క్లౌడ్‌లోకి ఎక్కాక మాత్రం అక్కడి గడియారం యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికంగా తీసుకునే టైము), మనకంటే అయిదున్నర గంటలు వెనక. అందుకని యూటీసీ టైమే తీసుకుని దానికి 5:30 కలిపాం. 'ఈ రోజు వసూళ్లు' లాంటివి ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. తెల్లవారుజామున పట్టుబడి దగ్గర పేజీ తెరిస్తే, అయిదున్నర దాకా దానికి 'ఈ రోజు' అంటే నిన్నే.

అదొక్కటీ సరిపోదని కూడా తర్వాత తెలిసింది. రిఫ్రెష్ సక్సెస్ అని ఉంటుంది, ఆకివీడు బ్రాంచి వాళ్లు మాత్రం రెండు రోజుల రశీదులు ఇంకా ఎక్కించి ఉండరు. అందుకే ఇప్పుడు బ్రాంచి వారీగా చివరి రశీదు తేదీ కూడా పైనే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. కుర్రాళ్లు ముందు అది చూసి, తర్వాతే బాకీ చూస్తారు. నాకు ఈ పేజీలో అన్నిటికంటే నచ్చిన గడి అదే.

రోజుకు ఎనిమిది చాలన్నట్టు పైన రాశాను గానీ, అది మామూలు రోజుల మాట. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్య ధరల మీద టెన్షన్ మొదలైనప్పుడు, ఎవరి అప్పు ఎంతుందో యజమాని గంట గంటకూ అడిగేవారు. చేత్తో నొక్కే రిఫ్రెష్ ఆ ఎనిమిది లెక్కలోకి రాదు కాబట్టి గడిచింది. పెట్టిన టైముకే ఠంచనుగా మొదలవుతుందనీ అనుకోవద్దు, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఖర్చు కూడా పెరిగింది. ప్రో లైసెన్సు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14 డాలర్లయింది, మాలాంటి చోట చూసే ప్రతి మనిషికీ అది ఉండాలి.

రెండు మూడు బ్రాంచిలు ఉండి, అప్పు మీద అమ్మేవాళ్లకు ఇది పనికొస్తుందనే నా నమ్మకం. ఒక్క కౌంటర్ ఉన్న షాపుకు టాలీ చాలు. మా ఆఫీసులో టాలీ కంప్యూటర్ ముందు రోజంతా మనిషి ఉంటాడు, ఇప్పుడు ఇన్వర్టర్ కూడా పెట్టించారు, ఫెయిల్ మెయిల్ వస్తే నేను వెంటనే చూస్తాను. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఈసారి కూడా రెన్యువల్ చేయమన్నాను. ఇవి లేనిచోట ఎలా నడుస్తుందో నేను హామీ ఇవ్వలేను.