చేను కాపలాకు .315 తూటా: అరవై మీటర్ల లోపు ఎంత పనికొస్తుంది

మహారాష్ట్రలోని కిన్వట్, రాజురా, కోర్పనా వైపు పత్తి, కంది, జొన్న చేలల్లో అడవిపందిని కాల్చాల్సి వస్తే అది దగ్గరి నుంచే. మంచె మీది నుంచి ఇరవై, ముప్పై మీటర్లు, మహా అయితే అరవై. పత్తి నడుమెత్తు పెరిగాక అంతకు మించి కనపడనే కనపడదు. ఇక్కడ తూటాకు రెండే పరీక్షలు: పంది అక్కడికక్కడే పడాలి, గుండు చేను దాటిపోకూడదు. ఈ రెండూ చూస్తే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ చేసే, మొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉండే .315 సాఫ్ట్ నోస్‌దే పైచేయి. లోపాలు లేవని కాదు, వాటి సంగతీ ఉంది.

ముందు కాగితం. అడవిపంది వన్యప్రాణి చట్టం, 1972 రెండో షెడ్యూలులో ఉంది. పంట నష్టం చేస్తున్నదాన్ని కాల్చాలంటే సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి. పడిన పంది ప్రభుత్వ సొత్తు, మాంసం ఇంటికి రాదు. 1956 దాకా రాజురా, కిన్వట్ ఆదిలాబాదు జిల్లాలోవే కాబట్టి పెన్‌గంగకు అటూ ఇటూ చుట్టాలు ఉండటం మామూలే. అంతమాత్రాన మహారాష్ట్ర అనుమతి నది దాటి చెల్లదు. తెలంగాణ నుంచి బామ్మర్ది తెచ్చిన బందూకు లైసెన్సు ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో చూడకుండా చేన్లో ఎత్తకూడదు.

ఇక తూటా. మూలం పాత ఆస్ట్రియా మాన్‌లికర్ 8×50. ఇషాపూర్ .315 రైఫిల్‌కు ఇదే. 8 ఎంఎం అన్నారు కదా అని 8 ఎంఎం మౌజర్ తూటా కొనుక్కొస్తే అది వేరే జాతి, ఇందులో పెట్టే ప్రయత్నమే చేయొద్దు. గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సెకనుకు 600 మీటర్ల దరిదాపుల్లో. కాగితం మీద ఇది ముసలి తూటాయే. అమెరికా రైఫిల్ తూటా .30-06లో 180 గ్రెయిన్ల గుండు 800 మీటర్లు దాటి పోతుంది. అయితే ముప్పై మీటర్లలో ఆ వేగం పెద్దగా ఒరగబెట్టేది లేదు. పలచని రాగి తొడుగున్న గుండు ఆ వేగంతో భుజం ఎముకకు తగిలితే పైపైనే చితికిపోవచ్చు. గట్టి తొడుగుదైతే పందిని దాటి పక్క చేన్లోకి పోతుంది. బరువైన, నిదానపు .315 సాఫ్ట్ నోస్ పోతు భుజం మీది మందపాటి తోలును, ఎముకను చీల్చుకుని లోపల విచ్చుకుంటుంది. అప్పుడప్పుడు ఇదీ అవతలికి పోతుంది, కాబట్టి వెనక మట్టి ఉండాల్సిందే.

ఆ మట్టి మంచెతోనే దొరుకుతుంది. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి ముప్పై మీటర్ల దూరంలోని పందిని కాలిస్తే దాటిన గుండు మూడు నాలుగు మీటర్ల వెనక నేలలో దిగుతుంది. అదే గట్టు మీద నిలబడి కాలిస్తే పన్నెండు మీటర్ల దాకా పోయి, ఏటవాలుగా తాకి మళ్లీ లేచే ప్రమాదం ఉంది. నల్లరేగడిలో కొంత నయం. జివతి గుట్టల రాతి చేలల్లో మంచె లేకుండా రైఫిల్ ఎత్తనే కూడదు. ఇంకో మాట: ఇది తాడోబా, టిపేశ్వర్ పులులు తిరిగే దారి. టార్చిలో కళ్లు మెరిస్తే చాలదు, ఒళ్లంతా కనపడాలి.

గురి యాభై మీటర్లకు సరిచేసుకుంటే చాలు. మామూలు సైటుతో ఇరవై అయిదు మీటర్ల దగ్గర తేడా సెంటీమీటరు కూడా ఉండదు, వంద దగ్గర ఆరేడు సెంటీమీటర్లు కిందికి పోతుంది. అరవై లోపు లెక్కలేమీ వద్దు, చూసిన చోటే తగులుతుంది. ఆ చూసే చోటులోనే ఎక్కువమంది తప్పుతారు. పంది గుండెకాయ ముందరి కాళ్ల మధ్య బాగా కిందికి ఉంటుంది. పక్క నుంచి చూస్తే ముందరి కాలి వెనక అంచు పట్టుకుని, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర కొట్టాలి. వీపు దగ్గరగా తగిలితే వెన్ను మీది ముళ్ల ఎముకలు అదిరి దభీమని పడుతుంది, నిమిషంలో లేచి పత్తిలోకి దూరుతుంది. అలాంటి గాయపు పంది వెనక చీకట్లో పోవడమంత తెలివితక్కువ పని లేదు.

ఇప్పుడు లోపాలు. లాటుకూ లాటుకూ తేడా ఉంటుంది, అందుకే ఒకే లాట్ నంబరున్న పెట్టెలు తీసుకుని వాటితోనే గురి సరిచూసుకోవాలి. వానాకాలమంతా మంచె మీది సంచీలో నానిన తూటాలు మొరాయిస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే పేలలేదా, నాళాన్ని నేలవైపే ఉంచి అర నిమిషం ఆగి అప్పుడు బోల్టు తీయాలి. ఆలస్యంగా పేలడం ఉంటుంది. కేసు అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి మ్యాగజైనులో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. తారుమారైతే సరిగ్గా రెండో తూటా కావలసినప్పుడే బోల్టు బిగుసుకుంటుంది. పాత రైఫిళ్లలో కాల్చిన కేసును తప్పక చూడాలి. అడుగు నుంచి సెంటీమీటరు ఎత్తున చుట్టూ మెరిసే గీత కనిపిస్తే బోల్టుకూ తూటాకూ మధ్య సందు పెరిగిందన్నమాట. ఆ కేసు విరిగి సగం లోపలే ఉండిపోతుంది, మంట వాయువు కళ్లకేసి రావచ్చు. లైసెన్సున్న గన్‌స్మిత్ చూసేదాకా ఆ రైఫిల్ కాల్చొద్దు.

.22 అనే చిన్న తూటా గురించి ఒక్క ముక్క చాలు: పందికి అది గాయం చేయడానికే పనికొస్తుంది.

ఒక్క తూటాతో కొన్ని గుండ్లు చిమ్మే 12 బోరు బందూకు వాళ్ల మాట వేరు. పెద్ద గుండ్ల ఎల్.జి. తూటాలో గుండ్లు ఆరు. ముప్పై మీటర్లకు అవి అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల మేర చెదురుతాయి, ఒకటో రెండో మాత్రమే తగిలి పంది పారిపోతుంది. ఎస్.జి.లో గుండ్లు ఎక్కువే అయినా చిన్నవి, పెద్ద పోతుకు చాలవు. ఎల్.జి.ని ఇరవై మీటర్ల తూటా అనుకుని వాడితే బాగా పనిచేస్తుంది. నాళం పాతదైతే తూటా కూర్చునే చాంబరు 65 మిల్లీమీటర్లా, 70 మిల్లీమీటర్లా అని దాని మీది ముద్ర చూడాలి. 65 దాంట్లో 70 తూటా దూరుతుంది గానీ పేలినప్పుడు తూటా మూతి మడత విచ్చుకోను చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది.

కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లకు .315 చాలు. .30-06 గుట్ట మీది నుంచి లోయ అవతలికి కాల్చేవాళ్ల తూటా, ఈ చేలకు అది దండగ. ఇంట్లో మంచి 12 బోరు ఇప్పటికే ఉంటే మాత్రం రైఫిల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగొద్దు. పంది దిగే బాటకు ఇరవై మీటర్ల దగ్గరికి, గాలి వాటం చూసి మంచె జరిపి కట్టుకోండి.