వాచీ ధరలో బంగారమెంత, మజూరీ ఎంత?

నగ కొన్నప్పుడు బిల్లులో బంగారం వేరుగా, మజూరీ వేరుగా కనిపిస్తాయి. తరుగు ఎక్కువ వేశారని గొడవ పడడానికైనా అక్కడ ఒక అంకె ఉంటుంది. ఖరీదైన చేతి గడియారం కొనేవారికి ఆ సదుపాయం లేదు. చెప్పేది ఒకటే అంకె. అందులో లోహానికెంత, పనితనానికెంత, పేరుకెంత అన్నది కొనేవారే విడదీసి చూసుకోవాలి.

విడదీయడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రకరకాల వాచీలను పక్కపక్కన పెట్టి, ఇస్తున్న సొమ్ములో ఎంత భాగం వాచీ మూత కింద ఉంది, ఎంత భాగం మూతకు బయట ఉంది అని అడగడం. ముందుగా మూడు వాచీలు తీసుకుందాం: బ్యాటరీతో నడిచే సాధారణ క్వార్ట్జ్ వాచీ, ఒక నెల జీతంలో దొరికే, చేయి కదలికకే స్ప్రింగు చుట్టుకునే ఆటోమేటిక్ వాచీ, కొన్నేళ్ల జీతం అడిగే చేతిపని వాచీ.

టైము కోసమైతే

ఈ పోటీ ఎప్పుడో ముగిసింది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో సంస్థ ఆస్ట్రాన్ పేరుతో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. అప్పట్లో దాని ధర 4,50,000 యెన్లు, అంటే ఇంచుమించు ఒక చిన్న కారు ధర. నేడు అదే సూత్రం అతి చవక వాచీల్లోనూ ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తుకు చిన్న స్ఫటికం ఒకటి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను వరసగా పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటే సెకన్ల ముల్లును ఒక అడుగు కదిలిస్తుంది. ఇలాంటి వాచీ నెలకు పదిహేను సెకన్లు తప్పితే ఎక్కువ.

స్విట్జర్లాండ్‌లో కచ్చితమైన నడకకు ఇచ్చే క్రోనోమీటర్ ధ్రువపత్రం పొందాలంటే, బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచే యాంత్రిక వాచీ పదిహేను రోజుల పరీక్షకు నిలవాలి. అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో దాని నడకను కొలుస్తారు. అంత పరీక్ష గట్టెక్కిన వాచీకి కూడా సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనకబడే, ఆరు సెకన్లు ముందుకెళ్లే వెసులుబాటు ఉంది. అంటే బ్యాటరీ వాచీ నెలంతా తప్పే సెకన్లను ఇది మూడు రోజుల్లో తప్పినా ధ్రువపత్రం చెల్లుతుంది. టైము కోసమే వాచీ కొనేవారు ఇక్కడే ఆగి, మిగిలిన సొమ్ముతో ఇంకేదైనా చేసుకోవచ్చు. నేను కీ ఇచ్చే వాచీ పెట్టుకుంటాను, దాని ముళ్లను మాత్రం ఫోను చూసే సరిచేసుకుంటాను.

అయినా యాంత్రిక వాచీని చూసి నవ్వబుద్ధి కాదు. రోజుకు 86,400 సెకన్లు. లోపల అటూ ఇటూ ఊగుతూ నడకను నిలిపే బ్యాలన్స్ చక్రం సెకనుకు ఎనిమిదిసార్లు కొట్టుకుంటే రోజుకు 6,91,200 దెబ్బలు. చెయ్యి ఊగుతుంటుంది, ఎండా చలీ తగులుతుంటాయి, బలమంతా చుట్టచుట్టుకున్న ఒక స్ప్రింగుది. ఇన్నింటి మధ్య రోజుకు అయిదు సెకన్ల తప్పంటే 17 వేలలో ఒక వంతు.

మధ్య వాచీ, పై వాచీ

అసలు పోలిక ఇక్కడ మొదలవుతుంది. నెల జీతపు ఆటోమేటిక్ వాచీలో చాలాసార్లు ఈటీఏ సంస్థ చేసే 2824 అనే యంత్రాంగం గాని, సెలిటా సంస్థ చేసే దాని జోడు గాని ఉంటుంది. గంటకు 28,800 దెబ్బలు, నీలమణి గాజు, తుప్పు పట్టని 316ఎల్ ఉక్కు. పది రెట్ల ధర పలికే వాచీలోనూ గాజు అదే నీలమణి. దెబ్బల లెక్క చాలావాటిలో అదే 28,800. కొన్ని సంస్థలు 904ఎల్ అనే ఉక్కు వాడతాయి. అది తుప్పును ఇంకా బాగా తట్టుకుంటుందన్న మాట నిజమే కాని, మణికట్టు మీద 316ఎల్ తుప్పు పట్టి పాడైన వాచీని నేనింతవరకు చూడలేదు. ఇన్ని కెంపులున్నాయని మురిసిపోవడమూ దండగే. అవి కృత్రిమ కెంపులు, 1902 నుంచి కొలిమిలో తయారవుతున్నవి. ఇరుసుల రాపిడి తగ్గించడమే వాటి పని, వాచీ విలువను అవి పెంచవు. ముడిసరుకు వరకు చూస్తే మధ్య వాచీకి, పై వాచీకి దూరం తక్కువ, బంగారు కేసు ఉంటే తప్ప.

మరి దూరమంతా ఎక్కడుంది? వెనక మూత తీసి భూతద్దం పెట్టి చూడాలి.

లోపలి లోహపు పలకల అంచులను వాలుగా చెక్కి అద్దంలా మెరిపించడం ఒక పని. యంత్రమూ ఇది చేస్తుంది, కాని తిరిగే పనిముట్టు లోపలి మూలకు వచ్చేసరికి అక్కడొక గుండ్రని వంపు వదిలేస్తుంది. రెండు వాలు అంచులు లోపలివైపు కత్తి మొనలా కలిసే మూల కావాలంటే మనిషి ఆకురాయి పట్టాల్సిందే. ఆ తర్వాత చెక్కపుల్లతో, వజ్రపు పొడి కలిపిన ముద్దతో ఓపికగా రుద్దాలి. చేయి జారితే ముక్క పోయినట్టే. వాచీ కొనబోతూ ఒక్క చోటే చూసే వీలుంటే ఆ లోపలి మూలలు చూడమంటాను. ప్రకటనల్లో కొనియాడే చారలు, గుండ్రటి చుక్కల వరసలు యంత్రం మీద సులభంగా వచ్చేస్తాయి.

ఇంకో పని ఉక్కు భాగాలకు నల్ల మెరుగు పెట్టడం. తగరపు పలక మీద రుద్ది రుద్ది, ముక్కను ఒకవైపు నుంచి చూస్తే తెల్లగా, కొంచెం తిప్పితే కాటుకలా నల్లగా కనిపించేటంత చదునుగా చేస్తారు. గోరంత కూడా లేని ముక్క కోసం గంటలు గడిచిపోతాయి.

దీనికి రెండు కొసలు చూడాలంటే, ఒక పక్క 2013లో స్వాచ్ సంస్థ తెచ్చిన సిస్టమ్51. పేరులో ఉన్నట్టే 51 భాగాలు, ఒక్క మర (స్క్రూ) చుట్టూ అమర్చినవి, కూర్చేది యంత్రాలు. రెండో పక్క జర్మనీలో గ్లాషూట్ పట్టణపు ఎ. లాంగె అండ్ జోనె. అక్కడ యంత్రాంగాన్ని ఒకసారి కూర్చి, నడక సరిచూసి, మళ్లీ పూర్తిగా విప్పి, ప్రతి భాగానికీ తుది మెరుగు పెట్టి, రెండోసారి కూరుస్తారు. బ్యాలన్స్ చక్రం మీది చిన్న పలకపై పువ్వులు చేత్తో చెక్కుతారు. ఏ పువ్వు ఎవరు చెక్కారో తెలిసినవారు గుర్తుపట్టగలరు. రెండూ టైము చెబుతాయి. రెండోదాని ధరలో మజూరీ ఉందని ఎవరూ కాదనలేరు. ఆ మెరుగు వల్ల టైము మెరుగవుతుందా అంటే, ఈ రోజుల్లో దాదాపు లేదు. దాచి ఉంచిన చోట కూడా అందంగా చేయడమన్న పట్టుదలకు ఇచ్చే సొమ్ము అది. నేను ఇస్తాను, నా దగ్గర ఉంటే.

టూర్బియన్ దగ్గర మాత్రం నా చేయి జేబులోకి పోదు. గడియారాల తయారీదారు అబ్రహాం లూయీ బ్రెగే 1801లో దానికి పేటెంటు పొందాడు. అప్పటి గడియారం కోటు జేబులో రోజంతా నిలువుగా ఉండేది. గురుత్వాకర్షణ బ్యాలన్స్ చక్రాన్ని ఒకే దిక్కుగా లాగడం వల్ల వచ్చే తప్పును పోగొట్టడానికి ఆ చక్రపు అమరికనంతటినీ గిరగిరా తిప్పే ఏర్పాటు చేశాడు. మణికట్టు తానే రోజంతా అటూ ఇటూ తిరుగుతుంటే ఇక ఆ ఏర్పాటు తీర్చే అవసరం కొద్ది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, అంతే. శాశ్వత పంచాంగం ఉన్న వాచీని మాత్రం మెచ్చుకుంటాను. లీపు సంవత్సరాలు దాని పళ్ళచక్రాల్లోనే ఇమిడి ఉంటాయి. నడక ఆగకుండా చూసుకుంటే సాధారణంగా 2100 ఫిబ్రవరి వరకు దానికి తేదీ సరిచేసే పని ఉండదు.

మూత బయట ఉన్న ధర

ఇప్పుడు నాలుగో వాచీ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది: పేరున్న ఉక్కు స్పోర్ట్స్ వాచీ. 1972లో ఓడెమార్ పిగే సంస్థ జెరాల్డ్ జెంటా గీసిన రాయల్ ఓక్‌ను తెచ్చి, ఉక్కు వాచీకి ఆనాటి అనేక బంగారు వాచీలను మించిన ధర పెట్టింది. దాని కేసు మీది మెరుగు నిజంగా కష్టమైన పనే, అంతవరకు న్యాయం. అదే జెంటా గీసిన మరో ఉక్కు వాచీ పటెక్ ఫిలిప్ సంస్థ వారి నాటిలస్. ఆ వరసలో 5711 నమూనాను నిలిపివేస్తున్నామని 2021లో సంస్థ ప్రకటించాక చేతులు మారిన ధర దుకాణపు ధరకు ఎన్నో రెట్లు పెరిగింది. 2022 వసంతం తర్వాత బజారు చల్లబడి దిగింది. ఆ పెరుగుదలలోనూ ఆ దిగుదలలోనూ వాచీ లోపల ఒక్క మర కూడా మారలేదు.

రెండు వేలం పాటలను పక్కపక్కన పెడితే ఇది ఇంకా తేటపడుతుంది. బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ కోసం పటెక్ ఫిలిప్ చేసి 1933లో అందించిన జేబు గడియారంలో టైము చెప్పడం కాక 24 అదనపు విద్యలున్నాయి, భాగాలు తొమ్మిది వందలకు పైనే. 2014లో అది దాదాపు 2.4 కోట్ల డాలర్లకు పోయింది. నటుడు పాల్ న్యూమన్ చేతికున్న రోలెక్స్ డేటోనా 2017లో 1.77 కోట్ల డాలర్లకు పైగా పలికింది. ఆ డేటోనా ఉక్కుది, కీ ఇచ్చేది, అందులోని యంత్రాంగం వాల్జూ అనే మరో సంస్థ తయారీ ఆధారంగా వచ్చింది. భార్య కొనిచ్చిన కానుక, వెనక ఆమె చెక్కించిన మూడు మాటలు, ఆయన మణికట్టు: విలువంతా వాటిది. గ్రేవ్స్ గడియారం ధరలో సగమైనా మూత కింద ఉందంటాను. న్యూమన్ వాచీ ధరలో మూత కింద ఉన్నది నూటికి ఒక వంతు కూడా కాదు. అది మోసమని కాదు. కొన్నవారికి ఏం కొంటున్నారో బాగా తెలుసు. చిక్కల్లా దుకాణంలో వరసలో నిలబడి, అదే రకం కీర్తి తన వాచీకీ అంటుకుంటుందనుకునేవారితోనే.

బాగుచేయించేటప్పుడు

ఇక్కడ లెక్క కొంచెం తిరగబడుతుంది. సిస్టమ్51 లాంటిది ఆగితే బాగుచేసే ఆశ లేదు. చవక క్వార్ట్జ్ అయితే బ్యాటరీ మారుస్తారు, లోపలిది పోతే ఆ యంత్రాంగాన్నే మారుస్తారు. మధ్య వాచీలోని 2824 చేతి కింద పడని వాచీ మెకానిక్ అరుదు, భాగాలూ దొరుకుతాయి. పై వాచీల సొంత యంత్రాంగాలకు భాగాలు చాలావరకు ఆ సంస్థ దగ్గరే ఉంటాయి. సర్వీసింగ్‌కు వాళ్లు చెప్పిందే ధర, పట్టే కాలమూ వాళ్లిష్టమే. అయిదేళ్లకో పదేళ్లకో ఆ ఖర్చు తప్పదు. దాన్ని కొన్న ధరకు కలుపుకోకుండా చేసే లెక్క లెక్క కాదు. బదులుగా దొరికేదీ ఉంది: 1839 నుంచి తాము చేసిన ఏ వాచీనైనా బాగుచేస్తామని పటెక్ మాట ఇస్తోంది. మనవడి చేతికి వెళ్లాలనుకునే వాచీకి ఆ మాట విలువ తక్కువేమీ కాదు.

కొత్తదా, ఒక చేయి మారినదా?

నన్నడిగితే చేయి మారినదే. ఎప్పుడూ గిరాకీ ఉండే నాలుగైదు నమూనాలను పక్కన పెడితే, ఎక్కువ ఖరీదైన వాచీలు దుకాణం గడప దాటగానే ధర కోల్పోతాయి. ఆ కోల్పోయేది చాలావరకు మూత బయటి భాగమే. మొదటి యజమాని దాన్ని భరించేశాక, లోపలి మజూరీ మనకు చెక్కుచెదరకుండా దొరుకుతుంది. సర్వీసింగ్ కాగితాలు అడగండి. పట్టీ తగిలించే కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయో, మాటిమాటికీ మెరుగు పెట్టించి సబ్బుబిళ్లలా అరగదీశారో వెలుతురులో తిప్పి చూడండి. అరిగిన లోహాన్ని ఏ సర్వీసింగూ తిరిగి తేలేదు.