బాలిలో అద్దె స్కూటర్: బండికి నాలుగున్నర, కాగితాలకు రెండు

కుటా, చాంగ్గూ, ఉబుద్... బాలిలో ఏ వీధిలోకి వెళ్లినా అద్దె స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. హోండా స్కూపీ, వారియో 125 అయితే రోజుకు సుమారు 70,000 నుంచి లక్ష రుపియాలు. యమహా ఎన్‌మ్యాక్స్, హోండా పీసీఎక్స్ కావాలంటే లక్షన్నర నుంచి రెండు లక్షలు. లక్ష రుపియాలంటే మన 500 రూపాయలకు కాస్త పైన. నెలకు మాట్లాడుకుంటే రోజువారీ లెక్క బాగా తగ్గుతుంది. ఈ సమీక్ష ఏదో ఒక షాపు గురించి కాదు, మొత్తం ఈ అద్దె సేవ గురించి. షాపు పేరు మారినా బండ్లు అవే, ఒప్పందంలో రాసేవీ దాదాపు అవే.

మార్కులు ముందే చెప్పేస్తే: బండికి 5కి 4.5, ధరకు 4.5, కాగితాలకూ బీమాకూ కలిపి 2. తేడా ఎందుకంత ఉందో కింద చదవండి.

యాక్టివా నడిపిన చేతికి వారియో ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడపాలి. వారియో 125 ట్యాంకు 5.5 లీటర్లు, స్కూపీది 4.2, ఎన్‌మ్యాక్స్‌ది 7.1. ఒక్కరే చుట్టుపక్కల తిరగడానికి స్కూపీ చాలు. ఇద్దరు పెద్దవాళ్లెక్కి కింతామణి వైపు ఎత్తులెక్కితే ఆ 110 సీసీ ఇంజన్ మూలుగుతుంది. ఎన్‌మ్యాక్స్ సీటు సుఖంగానే ఉంటుంది గానీ బరువు 130 కేజీల దగ్గర. వాలులో, కంకరలో వెనక్కి నెట్టడం పొట్టివాళ్లకు పెద్ద పని. ఇద్దరికి వారియోనే సరిపోతుంది.

అయితే కొన్ని తికమకలున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగిన కొద్ది సెకన్లకే ఇంజన్ దానంతటదే ఆగిపోవచ్చు. బండి చెడిపోలేదు. అది ఐడ్లింగ్ స్టాప్, యాక్సిలరేటర్ తిప్పగానే మళ్లీ అందుకుంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఇంజన్ ఆగిందిగా అనుకుని బండి మీద కూర్చునే హ్యాండిల్ పట్టుకుని సర్దుకోబోతే చేయి తిరిగి బండి ముందుకు దూకుతుంది. కుడి హ్యాండిల్ దగ్గరి స్విచ్‌తో దాన్ని తీసేయండి. రెండోది, సైడ్ స్టాండు దించి ఉంటే కొత్త మోడళ్లు స్టార్టే కావు. మూడోది, తాళంచెవి రంధ్రానికి అడ్డంగా పడే మూత. పార్కింగ్ కుర్రాడు అది మూసేస్తే తాళంచెవి తలకాయ వైపున్న బిళ్లను పక్కనున్న గాడిలో పెట్టి తిప్పితేగాని తెరుచుకోదు. పార్కింగ్‌లో హ్యాండిల్ లాక్ మాత్రం వేయకండి. అక్కడివాళ్లు బండ్లు జరిపి సర్దుకుంటారు, వేస్తే తిట్టుకుంటారు. పార్కింగ్ రుసుము మామూలుగా 2,000 రుపియాలు. వందల బండ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి దిగగానే నంబరు ప్లేటుకు ఫొటో తీసుకోండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన బైకులకు వెనక చక్రం పక్కన ఉండే చీర గార్డు ఈ బండ్లకు ఉండదు. చీరకట్టుతో పక్కకు తిరిగి కూర్చోవడం, చున్నీ వదులుగా వదిలేయడం రెండూ చక్రంలో చిక్కుకునే పనులే. సైలెన్సరు కుడివైపు ఉంటుంది. ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కి దిగాలి. నిక్కర్లలో తిరిగే పర్యాటకుల కుడి పిక్క మీద కనిపించే గుండ్రటి మచ్చ దాని చలవే.

బండి తీసుకునేటప్పుడు అందరూ గీతలకు, సొట్టలకు ఫొటోలు తీస్తారు. మంచిదే, వీడియో ఇంకా మంచిది. అంతకన్నా ముందు చూడాల్సింది నంబరు ప్లేటు అడుగు వరస. అక్కడ నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. అది ప్లేటు గడువు, ఐదేళ్లకోసారి మారుతుంది. గడువు దాటిన బండి ఇస్తే వద్దనండి. ప్లేటు డీకే అక్షరాలతో మొదలైతే బాలి బండి. సీటు కిందో, తాళంచెవి సంచిలోనో ఎస్‌టీఎన్‌కే అనే కాగితం ఉండాలి, మన ఆర్సీ లాంటిదది. దాని మీది నంబరు, ప్లేటు నంబరు ఒకటో కాదో చూడండి. పోలీసు ఆపినప్పుడు అది చూపించలేకపోతే చట్టం ప్రకారం 5 లక్షల రుపియాల దాకా జరిమానా. షాపువాడు జిరాక్సు చేతిలో పెట్టి 'చాలు' అంటాడు. చాలదు.

తర్వాత టైర్లు. ముందు టైరు మధ్యలో గాడులు అరిగి నున్నగా ఉంటే వానలో తెల్లగీతల మీద జారడం ఖాయం. బ్రేకు లివరు హ్యాండిల్‌కు ఆనేదాకా వస్తే ఇంకో బండి అడగండి. హెల్మెట్ మీద ఎస్ఎన్ఐ గుర్తు (మన ఐఎస్ఐ లాంటిది) ఉండాలి, గెడ్డం కింది బకిల్ పట్టాలి. సీటు కింద వానకోటు ఉంటుంది, ఎక్కువగా పోంచో. అది గాలికి ఎగిరి వెనక లైటును కప్పేస్తుంది. చొక్కా, ప్యాంటు విడిగా ఉండే రెండు ముక్కల కోటు కొనుక్కుంటే నయం. డిపాజిట్‌గా అసలు పాస్‌పోర్టు ఇవ్వొద్దు. కాపీ, కొంత నగదు ఇస్తామంటే చాలా షాపులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే పక్క షాపు ఉండనే ఉంది.

ఇక మార్కులు కోసిన చోటు.

లైసెన్సు అడగకుండానే బండి ఇచ్చేస్తారు. అది వాళ్ల ఉదారత కాదు, ఏమైనా జరిగితే భరించాల్సింది మీరే కాబట్టి. ఇండోనేషియాలో కారుకు సిమ్ ఏ, ద్విచక్ర వాహనానికి సిమ్ సీ అని వేర్వేరు లైసెన్సులు. మన దగ్గర కారు లైసెన్సు మాత్రమే ఉన్నవాడు అక్కడ స్కూటరు నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క. అందుకు 2009 నాటి 22వ నంబరు ట్రాఫిక్ చట్టంలో 10 లక్షల రుపియాల దాకా జరిమానా, లేదా నాలుగు నెలల దాకా జైలు. కాబట్టి బయల్దేరే ముందే ఆర్టీవోలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఫారం 4ఏ, ఫీజు 1,000 రూపాయలు, పైన రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు. ఏడాదికి మించి చెల్లదు. చేతికి రాగానే లోపలి పేజీలో మోటారు సైకిల్‌కు చెందిన 'ఏ' (A) గడిలో ముద్ర పడిందో లేదో చూడండి. కారుకు 'బీ' (B) గడి. 'ఏ' గడి ఖాళీగా ఉంటే ఆ పుస్తకం స్కూటరు దగ్గర ఎందుకూ పనికిరాదు. మన అసలు లైసెన్సు కార్డు కూడా వెంట ఉండాలి.

'ఇన్సూరెన్స్ ఉంది సార్' అనే మాటను విడదీసి అడగాలి. బండికి ఏటా పన్నుతో పాటు కట్టే తప్పనిసరి రుసుము జాసా రహార్జా అనే ప్రభుత్వ సంస్థకు పోతుంది. మామూలు స్కూటరుకు అది ఏడాదికి 35,000 రుపియాలే. మీ బండి గుద్దినందువల్ల బయటివాళ్లకు దెబ్బలు తగిలితే చికిత్సకు 2 కోట్ల రుపియాల దాకా, చనిపోతే 5 కోట్లు ఇస్తుంది. వినడానికి పెద్ద అంకెలు, మన డబ్బులో లక్ష, రెండున్నర లక్షల చుట్టుపక్కల. మీ అంతట మీరు జారి పడితే అది వర్తించదు. షాపు అదనంగా అమ్మేది చాలాచోట్ల బీమా పాలసీ కానే కాదు, 'గీతలు పడితే అడగం' అన్న హామీ మాత్రమే. దొంగతనానికి వర్తిస్తుందా, తాళంచెవి పోతే ఎంత, బండి మూలపడిన రోజుల అద్దె ఎవరిది... ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. మీ ఒంటికి అయ్యే ఖర్చు మన దేశంలో కొన్న ప్రయాణ బీమాయే చూసుకోవాలి. సరైన లైసెన్సు లేకుండా నడిపితే క్లెయిము తిరస్కరించే షరతు ఆ పాలసీల్లో మామూలే. అన్నీ తిరిగి తిరిగి పర్మిట్‌లోని ఆ 'ఏ' గడి దగ్గరికే వస్తాయి.

2023 మార్చిలో గవర్నర్ వాయన్ కోస్తర్ పర్యాటకులకు స్కూటర్లు అద్దెకివ్వడమే ఆపేయాలని ప్రతిపాదించారు. అది అమలు కాలేదు. ఆ ఏడాదే వచ్చిన సర్క్యులర్‌లో చెల్లే లైసెన్సు, హెల్మెట్, మర్యాదైన దుస్తులు ఉండాలనీ, అధికారికంగా నమోదైన వాళ్ల దగ్గరే బండి తీసుకోవాలనీ పెట్టారు.

రోడ్డు మీద మనవాళ్లను పట్టించే నిబంధన ఫ్రీ లెఫ్ట్. హైదరాబాద్, విజయవాడ అలవాటులో ఎర్ర లైటున్నా ఎడమకు దూసుకుపోతాం. అక్కడ చట్టం దానికి తలకిందులు. బోర్డు అనుమతిస్తేనే తిరగాలి, లేకపోతే ఆగాలి. 'బెలోక్ కిరి లాంగ్సుంగ్' అని రాసి ఉంటే తిరగొచ్చు. లేదంటే సిగ్నల్ దాటిన నేరం, జరిమానా 5 లక్షల రుపియాల దాకా. హెల్మెట్ లేకపోతే రెండున్నర లక్షల దాకా, నడుపుతూ ఫోను చూస్తే ఏడున్నర లక్షల దాకా. పగటిపూట కూడా హెడ్‌లైటు వెలగాల్సిందే. పిల్లవాణ్ణి మధ్యలో ఇరికించి ముగ్గురు ఎక్కడం స్థానికులు చేస్తూనే ఉంటారు, చట్టం మాత్రం వెనక ఒక్కరినే ఒప్పుకుంటుంది. వేగం ఇళ్ల మధ్య 30, పట్టణంలో 50. చాంగ్గూలో సాయంత్రం నాలుగు దాటాక ఆ 30 కూడా అందదు లెండి. పోలీసు ఆపితే చలానా కాగితం అడగండి. జరిమానా బీఆర్ఐ బ్యాంకు ఖాతా నంబరుకు కట్టే పద్ధతి ఉంది. రోడ్డు పక్కన చేతిలో పెట్టే డబ్బుకు రసీదు ఉండదు.

మ్యాపులో ద్విచక్ర వాహనం గుర్తు ఎంచుకుంటే సమయం సరిగ్గా చూపిస్తుంది, కానీ పొలంగట్టు దారుల్లోకి తోసేస్తుంది. అక్కడ పక్కనే కాలువ, రెయిలింగు ఉండదు, ఎదురుగా కారొస్తే దిగడానికి చోటుండదు. దారికి అడ్డంగా ఊరేగింపు వస్తే గళ్లబట్ట కట్టుకున్న పెచలాంగ్‌లు, అంటే ఊరి సంప్రదాయ కాపలాదార్లు, ఆపుతారు. హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపి నిలబడటమే పద్ధతి. మన ఉగాది చుట్టుపక్కల వచ్చే బాలి మౌన దినం న్యెపి రోజున పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా రోడ్డు మీదికి రావడమే నిషేధం, విమానాశ్రయం కూడా మూస్తారు. ఆ రోజు అద్దె లెక్కలో పడకుండా ముందే మాట్లాడుకోండి.

అసలు భయపడాల్సింది ఘాట్ దిగడానికి. కింతామణి, బెదుగుల్ నుంచి కిందికి వచ్చేటప్పుడు గేర్లు లేని స్కూటరు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, వేగం తగ్గాక క్లచ్ విడిపోయి ఇంజన్ పట్టు పోతుంది. బండి ఉత్తినే దొర్లుతుంటుంది. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే. వారియో 125, స్కూపీల్లో వెనక డ్రమ్ బ్రేకు ఉన్నవే ఎక్కువ. ఆపకుండా నొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు సడలుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా అందించి క్లచ్ పట్టేలా ఉంచండి. బ్రేకు రెండు లివర్లతో నొక్కి వదులుతూ వేయండి. కాలిన వాసన వస్తే పక్కకు తీసి పది, పదిహేను నిమిషాలు ఆగండి, నీళ్లు మాత్రం పోయకండి. ఆ దారుల్లో ఇసుక లారీలు తిరుగుతాయి. మలుపుల్లో రాలిన నల్ల ఇసుక మీద ముందు బ్రేకు పట్టారా, పడ్డట్టే. పక్కనున్న నుసా పెనీదా దీవిలో ఎత్తులు ఇంకా నిటారు. కొత్తగా నేర్చినవాళ్లు అక్కడ బండి తీసుకోకపోవడమే మంచిది.

పెట్రోలు పెర్టమినా బంకులో పోయించుకోండి. 90 ఆక్టేన్ పెర్టలైట్ 2022 సెప్టెంబరు నుంచి లీటరు 10,000 రుపియాలు, 92 ఆక్టేన్ పెర్టమ్యాక్స్ అంతకంటే ఎక్కువ. కొట్ల ముందు గాజు సీసాల్లో అమ్మేది ఖరీదూ ఎక్కువ, కొలతా అనుమానమే. బాలి మందారా టోల్ వంతెన మీద స్కూటర్లకు వేరే దారి ఉంది. అక్కడ నగదు తీసుకోరు, ఈ-మనీ కార్డే.

నలుగురున్న కుటుంబానికి స్కూటరు లెక్క కుదరదు. రెండు ఎన్‌మ్యాక్స్‌ల అద్దె 4 లక్షల దాకా అవుతుంది. డ్రైవరుతో కారు పది గంటలకు పెట్రోలుతో కలిపి 6 నుంచి 8 లక్షలకు దొరుకుతుంది. అమ్మమ్మలు, పసిపిల్లలు వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, అదే తీసుకోండి. డ్రైవరు లేని కారును 'లెపాస్ కుంచి' అని బోర్డు పెట్టి ఇస్తారు. ఇరుకు దారులు, రెండు వైపులా స్కూటర్లు, పార్కింగ్ వెతుకులాట చూశాక దానికి 2.5 మించి వేయలేం. యాప్‌లో పిలిచే గోజెక్, గ్రాబ్ బైకులు ఒంటరి ప్రయాణానికి చవక. కొన్ని ఊళ్లలో మాత్రం ఎక్కించుకోనివ్వరు, బోర్డులే పెట్టారు.

నెలల తరబడి ఉండేవాళ్లు సొంత బండి కొందామనుకుంటే: టూరిస్టు వీసా మీద మీ పేరున రిజిస్ట్రేషన్ కాదు, నివాస అనుమతి కితాస్ కావాలి. వేరేవాళ్ల పేరున కొంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లే. ఎస్‌టీఎన్‌కే ఒక్కటే ఉందనీ, యాజమాన్య పుస్తకం బీపీకేబీ 'తర్వాత ఇస్తాం' అనీ చెప్పే చవక బండి జోలికి పోకండి. అప్పు మీద కొన్న బండైతే, అది తీరేదాకా ఆ పుస్తకం ఫైనాన్సు కంపెనీ దగ్గరే ఉంటుంది.

తిరిగి ఇచ్చేటప్పుడు పగటి వెలుతురులో ఇవ్వండి, తీసుకున్న రోజు తీసిన వీడియో పక్కన పెట్టి చూపించండి, డిపాజిట్ చేతికి వచ్చాకే తాళంచెవి ఇవ్వండి. దారిలో దెబ్బ తగిలితే పోలీసులకు 110, అంబులెన్స్‌కు 118 లేదా 119. షాపుకు ఫోను చేయడం ఆ తర్వాతే.